మళ్ళీ తీయకండి

మ్ఫాంగానో దీవి
మార్చి

అక్కకి,

నీ ఉత్తరం, టీ పొడి పొట్లం రెండూ మ్బిటా పడవలో వచ్చాయి. పొట్లం ఒక మూల తడిసింది. ఎండలో పెట్టాను. బాగానే ఉంది.

ఎలా ఉన్నావని అడిగావు. ఉన్నాను. పొద్దున లేస్తున్నాను. ఒమెనా చేపలు పాత వల మీద ఆరబోస్తున్నాను, సాయంత్రం ఎత్తుతున్నాను. పాప అకెయోకి దగ్గు తగ్గింది. నా ఒళ్ళే ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంది. మొన్న ఉడుకు నీళ్ళు చేతి మీద పడితే, కాలిందని కళ్ళతో చూసి తెలుసుకున్నాను. బాధపడి చెప్పడం లేదక్కా, ఉన్న సంగతి చెప్తున్నాను.

ఒబురా సంగతి ఏమీ తేలలేదు. నవంబరులో ఆ గాలివాన రోజు వల లాగడానికి ఒక్కడే వెళ్ళాడు కదా, మర్నాడు పడవ ఒక్కటే ఒడ్డుకొచ్చింది. పడవ బోర్లా పడలేదు కాబట్టి కొడుకు మునగలేదని అత్తమ్మ పట్టు. సరస్సు అవతలి దేశం వాళ్ళు పట్టుకుపోయి ఎక్కడో పెట్టారంటుంది. నా కొడుకు బతికుండగా నా వాకిట్లో ఏడుపు వినపడటానికి వీల్లేదని అందరికీ చెప్పేసింది. వంశం పెద్దలు రెండుసార్లు వచ్చారు. మనిషి నీళ్ళలో దొరక్కపోతే ఒంటికి బదులు ఆ బరువైన పొడుగాటి యాగో కాయని గుడ్డలో చుట్టి పాతిపెట్టడం మనకి ఉన్నదే కదా, అలా అయినా కానిద్దాం అన్నారు. అత్తమ్మ వాళ్ళకి కూచోమని పీట కూడా వేయలేదు.

అలా నేను పెళ్ళాన్నీ కాదు, విధవనీ కాదు. తల గొరిగించలేదు. పుట్టింటి గడప తొక్కకూడదు. ఇంకొకళ్ళ ఇంట్లో పడుకోకూడదు. నీ దగ్గరికి రమ్మని ప్రతి ఉత్తరంలోనూ రాస్తున్నావు. ఎలా రాను? నన్ను విడిచిపెట్టాలంటే ముందు ఒబురా చచ్చిపోవాలి. అత్తమ్మ పోనివ్వదు.

రేవులో ఆడవాళ్ళు ఇంకో మాట కూడా అనుకుంటున్నారు. మొగుడు కనపడకపోయినా సేమె నుంచి కోడలిగా వచ్చిన పిల్ల కంట చుక్క రాలలేదు, దానికేదో ముందే తెలుసు అని. ఏడవలేదన్నది నిజమే. మిగతాది నాకూ తెలీదు.

ఒక వార్త ఉంది. కిసుము నుంచి సినిమా తీసేవాళ్ళు వస్తున్నారు. పెద్ద సినిమా కాదు, టీ తాగేలోపు అయిపోయేంత చిన్నది. ఇక్కడి పాత హెడ్మాస్టరు గారి అబ్బాయి సైలస్ గుర్తున్నాడా? పెళ్ళిళ్ళకి వీడియో తీస్తాడిప్పుడు. కెమెరా అతనిది కాదు, షాపువాళ్ళది. శనివారం రిహార్సల్, ఆదివారం షూటింగ్, సోమవారం ఎవరిదో పెళ్ళికి కెమెరా అప్పగించెయ్యాలట. ఆ రెండు రోజులూ వండిపెట్టమని నన్నడిగారు. సరేనన్నాను.

నీ చెల్లెలు
అపోండి


కెరిచో టీ తోటలు
మార్చి ఆఖరు

ఒసే అపోండీ,

ముందు ఇది చెప్పు. ఏ చెయ్యి కాలింది? బొబ్బ లేచిందా? లేస్తే చిదమకు. పళ్ళపొడీ పేస్టూ పూయకు. నేను ఇక్కడ డిస్పెన్సరీలో ఊరందరి చేతులకీ కట్లు కడుతూంటే నా చెల్లెలి చెయ్యి అక్కడ కాలిందట, అదేదో పక్కింటి వార్తలాగా రాస్తుంది.

ఏడుపు రాకపోవడం జబ్బు కాదే. ఇక్కడ ఆకు కోసేవాళ్ళలో ఒకావిడ, కొడుకు పోయిన రోజు కూడా బుట్ట నింపి తూకం వేయించుకుని ఇంటికెళ్ళింది. మేస్త్రీ భార్య ఆమెని రాయి అంది. ఆ రాయి నా బల్ల మీద కూచుని, "సిస్టరమ్మా, నాకు కాళ్ళు ఉన్నాయో లేవో చూడండి" అంది. చూశాను. ఉన్నాయి. ఉన్నాయని చెప్పి పంపించాను. నీకూ అదే చెప్తున్నాను.

కేజియా నోరు నాకు తెలుసు. రేవులో ఆ మాట పుట్టించింది అదే అయ్యుంటుంది. చేపలు తూచేటప్పుడు తక్కెడ మీద, నోటి మీద కూడా చెయ్యి ఉంచుతుంది, ఒకటి దించడానికి, ఒకటి దాచడానికి.

మీ అత్తని నేనేమీ అనను. ఆవిడకి ఉన్నది ఒక్కడే. కానీ నువ్వొక మనిషివని ఆవిడకి ఎప్పుడు గుర్తొస్తుందో.

సినిమా వాళ్ళకి వండుతున్నావా! కిసుము కుర్రాళ్ళ గొంతులు మెత్తన, ముళ్ళు తీసి పెట్టు. కథేంటో కనుక్కుని రాయి. ప్రేమకథ అయితే అకెయోని షూటింగుకి తీసుకెళ్ళకు. ఇక్కడ రోజూ మధ్యాహ్నం అయ్యేసరికి గడియారం పెట్టినట్టు వాన. బట్టలు ఆరడంలేదు.

అక్క
డామరీస్


మ్ఫాంగానో దీవి
ఏప్రిల్, శనివారం

అక్కకి,

రేపు పొద్దుటి పడవకి ఈ ఉత్తరం ఇచ్చేస్తాను. వాళ్ళకి రాత్రి తిండి వండేశాను. ఇంకా వెలుగుంది.

సైలసూ, మైకు పట్టుకునే అతనూ, పెరిస్ అని ఒక నటీ వచ్చారు. పెరిస్ కిసుములో నాటకాలు వేస్తుందట, పెద్ద పేరట. పడవలో దారంతా వాంతులు చేసుకుందట. దిగాక బడి అరుగు మీద పడుకుంది. టీ ఇచ్చాను, ఆగలేదు. గంజి ఇచ్చాను, ఆగలేదు. మధ్యాహ్నం లేచి నిలబడి, "సైలస్, నీ సినిమాకి ఒక దండం, నీ సరస్సుకి రెండు దండాలు" అని చెప్పి తిరుగు పడవ ఎక్కేసింది. ఎక్కుతూనే మళ్ళీ వాంతి.

కథ ప్రేమకథ కాదు. నేను సంగటి కెలుకుతుంటే సైలస్ పక్కనే నిలబడి అందరికీ చెప్పాడు. ఒక జాలరి నీళ్ళలో పోతాడు. ఒళ్ళు దొరకదు. పెళ్ళాం యాగో కాయని పాతిపెట్టి ఏడుస్తుంది. అంతే కథ. విన్నాను. గరిట ఆగలేదు. సంగటి ఉండ కూడా కట్టలేదు.

సైలస్ నా దగ్గరికొచ్చి మెల్లగా, "వదినా, ఇది మీ సంగతి చూసి రాసింది కాదు. ఈ సరస్సు చుట్టూ ఏ రేవుకెళ్ళినా ఇదే ఉంది" అన్నాడు. నేను, "పళ్ళాలు సరిపోతాయో లేదో చూసుకో తమ్ముడూ" అన్నాను.

పెరిస్ వెళ్ళిపోయాక అతను తల పట్టుకుని బెంచీ మీద కూచున్నాడు. మళ్ళీ కెమెరా దొరికేసరికి ఏడాది పడుతుందట. ఏడ్చే మూకలో ఉండటానికి రేవు ఆడవాళ్ళంతా వచ్చి ఉన్నారు, తలకొక సోడా ఇస్తామన్నారు మరి. అప్పుడు కేజియా అంది:

"ఇంకెవర్నో వెతకడం దేనికి? మన సేమె పిల్ల ఉందిగా. ఎలాగూ అది ఏడవాల్సిన ఏడుపు బాకీ ఉండిపోయింది."

ఒకామె నవ్వబోయి ఆగింది. నేను చేతులు తుడుచుకుని లేచి వెళ్ళి నటి నిలబడాలని సుద్దతో గీత గీసిన చోట నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలీదు. కూచున్న చోట ఎండ పడుతోంది.

బడి గదిలో రిహార్సల్ చేశాం. రెండు బెంచీలు పడవ. ఒక గోనెసంచి యాగో కాయ. దాన్ని ఎత్తుకుని నడవాలి, దించాలి, మట్టి వెయ్యాలి, ఏడవాలి. నడక కుదిరింది. దించడం కుదిరింది.

"ఇప్పుడు ఏడవండి వదినా."

"రావడం లేదు."

"మీకు కావలసినవాళ్ళు పోయిన రోజు ఒకటి గుర్తు..." అని నాలుక్కరుచుకున్నాడు.

కేజియా, "ఇలా ఏడవాలమ్మా" అని రెండు చేతులూ తల మీద పెట్టుకుని ఒక్క కేక పెట్టింది. ఎంత బాగా ఏడ్చిందంటే, పక్క దారిలో పోతున్న ముసలాయన గబగబా లోపలికొచ్చి, "ఎవరమ్మా, ఎవరు పోయారు?" అని అడిగాడు. అందరూ పడీ పడీ నవ్వారు. సైలస్ ఉల్లిపాయ కోయించి నా కళ్ళ దగ్గర పెట్టాడు. నీళ్ళొచ్చాయి. మొహం మాత్రం అలాగే ఉందన్నాడు. ఉల్లిపాయ పారెయ్యకుండా కూరలో వేశాను.

చివరికి, "పోనీ వదినా, రేపు మీకెలా వస్తే అలా చెయ్యండి" అన్నాడు.

రేపు నిజం కాయతోనే చేస్తారట. బడి వెనక చెట్టు నుంచి కోయించి పెట్టారు. నా చేత్తో పాతాలి. తప్పంటావా? నీ జవాబు వచ్చేసరికి అయిపోతుంది. అయినా అడుగుతున్నాను. అత్తమ్మకి చెప్పలేదు.

అపోండి


కెరిచో టీ తోటలు
ఏప్రిల్

అపోండీ,

తప్పే. తప్పు, తప్పు.

ఆట కోసం చెయ్యాల్సిన పని కాదది. పేరు పెట్టకుండా పాతిన కాయ ఊరుకోదు, పేరు వెతుక్కుంటూ ఇంటికొస్తుందని అమ్మ చెప్పేది నువ్వూ విన్నావు. నీకొక ఆడపిల్ల ఉంది. ఒకవేళ ఒబురా బతికే ఉంటే? బతికున్నవాణ్ణి పెళ్ళామే పాతిపెట్టిందని రేపు నీ మీదికి దీవి మొత్తం లేస్తుంది. ఆ సైలస్ కెమెరా భుజాన వేసుకుని పోతాడు. అక్కడ ఉండాల్సింది నువ్వు.

నర్సువి, నువ్వు కూడా ఇవన్నీ నమ్ముతావా అంటావు. పగలు నమ్మను.

ఈ ఉత్తరం నీకు అందేసరికి అంతా అయిపోయి ఉంటుందని నాకూ తెలుసు. అయినా రాస్తున్నాను. చేసి ఉంటే ఆ కాయని బయటికి తీయించు. తీయించి నీళ్ళలో వదిలెయ్యి. మీ అత్త చెవిన పడకముందే చెయ్యి.

డామరీస్


మ్ఫాంగానో దీవి
మే

అక్కకి,

నీ ఉత్తరం అందింది. నువ్వు చెప్పినట్టు చెయ్యడానికి వీల్లేకపోయింది. ఏం జరిగిందో వరసగా రాస్తాను.

ఆదివారం చర్చి వదిలాక మొదలుపెట్టారు. నీటి ఒడ్డునే గొయ్యి తవ్వారు, వెనకాల పడవ కనపడాలని. నల్ల మట్టి, అడుగున నీరు ఊరుతోంది. యాగో కాయని తెల్లగుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టారు. అకెయోని నిద్రలో ఎత్తుకున్నంత బరువుంది.

మొదటిసారి, నేను కాయని దించి మట్టి వేస్తుండగా సరిగ్గా మ్బిటా పడవ మోత పెట్టుకుంటూ వచ్చింది. మైకు అతను చేతులూపాడు. కాయని బయటికి తీసి, గుడ్డ దులిపి, మళ్ళీ నా చేతిలో పెట్టారు. రెండోసారి కేజియా గుండెలు బాదుకుంటూ ముందుకి దూకింది, తలగుడ్డ ఊడి గోతిలో పడింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఇక నవ్వులు ఆగలేదు. మళ్ళీ తీశారు. మళ్ళీ దులిపారు.

నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. తల తిప్పి చూస్తే అత్తమ్మ. చర్చి బట్టల్లోనే ఉంది, చేతిలో గొడుగు. మెరక మీద ఎంతసేపటి నుంచి నిలబడిందో. దిగి వచ్చింది. నా వైపు చూడలేదు. సైలస్‌ని అడిగింది:

"ఎవర్ని పెడుతున్నారు?"

"ఎవర్నీ కాదు నాయనమ్మా. ఇది సినిమా. ఉత్తుత్తిదే."

"ఉత్తుత్తివాడైతే పేరుండదా?"

"ఉంది... ఒచోలా."

"ఒచోలా తల్లి ఏది?"

సైలస్ చేతిలో కాగితాలు తిరగేశాడు. "కథలో తల్లి లేదు నాయనమ్మా."

"తల్లి లేకుండా ఎవడు పుట్టాడురా?"

ఆవిడ గొడుగు మూసింది. చెప్పులు విడిచింది. గోతికి తలవైపు నేల మీద కూచుని కాళ్ళు చాపుకుంది.

"కానివ్వండి," అంది.

మూడోసారి చేశాం. నడిచాను, దించాను, మట్టి వేశాను. ఆడవాళ్ళు ఏడ్చారు, ఈసారి నవ్వకుండా. నాకు రాలేదు. అత్తమ్మ గోతిలోకే చూస్తూ కూచుంది. మట్టి నిండాక సైలస్ కెమెరా పక్క నుంచి తల బయటపెట్టి, "వదిన మొహం మీద నీడ పడింది. ఇంకొక్కసారి తీద్దాం" అన్నాడు. పార పట్టుకున్నతను ముందుకొచ్చాడు.

అత్తమ్మ రెండు చేతులూ మట్టి మీద పరిచింది.

"మళ్ళీ తీయకండి."

"ఒక్కసారే నాయనమ్మా, వెలుతురు పోతోంది..."

"ఎన్నిసార్లు తీస్తార్రా? రెండుసార్లు బయటికి లాగారు, పైనుంచి చూశాను. చాలు. పడుకోనివ్వండి వాణ్ణి."

వాణ్ణి అంది, అక్కా. దాన్ని అనలేదు.

తర్వాత వంగి, మట్టికి దగ్గరగా మొహం పెట్టి, "ఒబురా" అని పిలిచింది. ఏడుపు గొంతు కాదు. సాయంత్రం వీధిలో ఆడుకునే పిల్లాణ్ణి ఇంట్లోకి పిలిచినట్టు పిలిచింది. ఇంకోసారి పిలవలేదు.

అప్పుడు లేచింది ఏడుపు. సోడా కోసం వచ్చినవాళ్ళే అందరూ. వలలు కుట్టుకుంటున్న మగవాళ్ళు కూడా లేచి వచ్చారు. కేజియా నేల మీద పడి దొర్లింది. ముందురోజు నేర్పిన ఏడుపులాగా లేదు, అంత అందంగా లేదు. వచ్చి నా కాళ్ళు పట్టుకుంది, ఏదో అంది, వినపడలేదు. నేను కాసేపు నిలబడి, అడుగంటిన గిన్నె నానబెట్టలేదని గుర్తొచ్చి కడగడానికి వెళ్ళాను.

సైలస్ కెమెరా ఆపడం మర్చిపోయాడట. సోమవారం పొద్దున మా గుమ్మం ముందు నిలబడి, "వదినా, అంతా అందులో పడింది. మీరు వద్దంటే చెరిపేస్తాను" అన్నాడు. అత్తమ్మని అడగమన్నాను. అడిగాడు.

"చూసినవాళ్ళు వాడు పోయాడని నమ్ముతారా?" అంది అత్తమ్మ.

"నమ్ముతారు నాయనమ్మా."

"అయితే ఉంచు. ఇంటింటికీ తిరిగి చెప్పే ఓపిక నాకు లేదు."

ఆ వారంలోనే పెద్దలు వచ్చారు. నీళ్ళలో పోయినవాణ్ణి నీటి ఒడ్డున పెట్టడమే పద్ధతి, చోటు సరిగ్గానే కుదిరిందన్నారు. నాకు తల గొరిగారు. చూసి అకెయో నవ్వింది, తర్వాత తడిమింది. మిగతా తతంగాలు జూలైలో పూర్తవుతాయి. ఆ తర్వాత ఎక్కడికైనా వెళ్ళొచ్చట.

ఇంత జరిగితే ఏదో ఒకటి అనిపించాలి కదా. అనిపించలేదు. అందుకే రాయడం ఆలస్యమైంది. అనిపించాక రాద్దామనుకున్నాను.

అపోండి


కెరిచో టీ తోటలు
జూన్

అపోండీ,

ఇన్నాళ్ళూ రాయకపోవడం కోపం వల్ల కాదు. నీ ఉత్తరం డిస్పెన్సరీలో చదివాను. చదివి మడిచి జేబులో పెట్టుకుని వరస పెట్టి పిల్లలకి సూదులు వేశాను. ఏం రాయాలో తెలియలేదు.

పోయిన వారం మందులు తీసుకురావడానికి కిసుము వెళ్ళాను. చర్చి హాలు బయట గోడకి కాగితం అంటించి ఉంది, సైలస్ పేరుతో. లోపలికెళ్ళి ఆఖరి వరసలో కూచున్నాను. బయటికి పోవాలనిపిస్తే దారి ఉండాలని.

నువ్వు కనిపించావు. చిక్కిపోయావే. అంత చిక్కావని నీ ఉత్తరాల్లో ఎక్కడా లేదు. నిన్ను అంతసేపు కళ్ళార్పకుండా ఎప్పుడూ చూడలేదు, ఎదురుగా ఉంటే నువ్వు చూడనివ్వవు కదా. ఒక గుప్పెడు మట్టి వేశావు, చెయ్యి నడుం గుడ్డకి తుడుచుకున్నావు, మళ్ళీ వంగి ఇంకో గుప్పెడు తీసుకున్నావు. మళ్ళీ మురికయ్యే చెయ్యి ప్రతిసారీ తుడుచుకున్నావు. అది చూడలేకపోయాను. నా పక్కన కూచున్న కాలేజీ పిల్ల తన రుమాలు నా ఒళ్ళో పెట్టి ఇటు చూడకుండా కూచుంది.

మీ అత్త "మళ్ళీ తీయకండి" అన్న మాట వినపడుతుంది. సైలస్ దాన్ని కోసెయ్యలేదు. నా ముందు కూచున్న ఒకాయన, "ఈ ముసలావిణ్ణి ఎక్కడ పట్టారో, ఎంత బాగా చేసింది" అన్నాడు. సంచీతో ఒక్కటి ఇద్దామనుకున్నాను. తర్వాత ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం చూసి ఊరుకున్నాను.

నేను తప్పు అని మూడుసార్లు రాశాను. ఇప్పుడు ఒప్పు అని రాయడం నాకు చేతకాదు. నాకు తెలీదు అని మాత్రం రాస్తున్నాను, ఇది కూడా నేను ఎప్పుడూ రాసే మాట కాదు.

జూలై అయ్యాక రా. గది చిన్నది. పైకప్పు ఒక మూల కారుతుంది, ఆ మూలన బకెట్టు ఉంటుంది. అకెయోకి బడి దగ్గరే. ఇక్కడ నువ్వు ఏడవక్కర్లేదు, నవ్వక్కర్లేదు. ఎవరూ అడగరు. నేను కూడా అడగను, అడిగితే నోరు మూసుకోమను.

అక్క


మ్ఫాంగానో దీవి
జూలై

అక్కకి,

తతంగాలు అయిపోయాయి. ఆగస్టులో వస్తాను, అకెయోతో. అత్తమ్మ వెళ్ళమంది. ఇక్కడ తను ఒక్కతీ ఎలా అని అడిగితే, "నాకు మేకలున్నాయి" అంది. క్రిస్మస్‌కి తిరిగి వస్తానని చెప్పాను. చూద్దాం అంది.

సైలస్ మళ్ళీ వచ్చాడు. మాట ఇచ్చాడట, దీవిలో అందరికీ చూపిస్తానని. బడి గది కిటికీలకి గోనెలు కట్టి, జనరేటరు పెట్టి, బల్ల మీద టీవీ పెట్టాడు. రేవంతా అక్కడే. కేజియా తను కనపడ్డప్పుడల్లా, "అదిగో నేను" అంటూ పక్కవాళ్ళని పొడిచింది. గోతి దగ్గరికొచ్చేసరికి అది కూడా మాటలు ఆపేసింది. అకెయో నా ఒళ్ళో కూచుని, "ఆ మూటలో నాన్న ఉన్నాడా?" అని అడిగింది. లేడన్నాను. నీళ్ళలో ఉన్నాడన్నాను. చచ్చిపోయాడా అంది. చచ్చిపోయాడమ్మా అన్నాను. ఆ మాట నా నోటితో అనడం అదే మొదటిసారి. అది టీవీ వైపు తిరిగి మళ్ళీ చూడటం మొదలుపెట్టింది.

నేను కూడా చూశాను. బోడి కాని తలతో ఎవరో ఒక మనిషి మట్టి వేస్తోంది. నాకు తెలిసిన మనిషిలాగా లేదు. పాపం, పక్కన ఎవరైనా నిలబడితే బాగుండును అనుకున్నాను.

అత్తమ్మ ముందు వరసలో ఉంది. తనని తాను చూసుకోలేదు. ఆవిడ చూపంతా ఆ మట్టి వేసే మనిషి మీదే ఉంది. ఉన్నట్టుండి గట్టిగా అడిగింది:

"ఈ పిల్లకి ఆ రోజు ఎవరైనా తిండి పెట్టారా?"

గది నిండా జనం.

"అందరికీ నేనే వండాను అత్తమ్మా," అన్నాను వెనక నుంచి.

"వండావు. తిన్నావా?"

"గుర్తు లేదు."

ఆవిడ లేచింది. సినిమా ఇంకా అయిపోలేదు. జనాన్ని తోసుకుంటూ వెనక్కి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. అకెయోని కేజియా తీసుకుంది. ఇంటికెళ్ళి పొయ్యి రాజేసి, తనే సంగటి కెలికి, చేప పులుసు వెచ్చబెట్టి, నా ముందు పెట్టి, ఎదురుగా కూచుంది. లేచి వెళ్ళదు, చూపు తిప్పదు. తిన్నాను.

నాలుగు ముద్దలు అయ్యాక, "ఉప్పెక్కువైంది అత్తమ్మా," అన్నాను.

ఆవిడ సంగటి గిన్నె నా వైపు జరిపింది.

"ఎక్కువైతే సంగటి ఇంకొంచెం పెట్టుకో," అంది.

పెట్టుకున్నాను.

అపోండి